రంగం నుంచి వచ్చిన కూజా

అబ్బులు తాపీ మేస్త్రి. రాజోలు తాలూకాలో, గోదారి గట్టుకి ఆనుకుని ఉన్న పేటలో పుట్టి అక్కడే ముసలివాడయ్యాడు. గోడ కట్టమంటే కట్టేవాడు, అరుగు వెయ్యమంటే వేసేవాడు. కానీ ఆ పనులకి అతన్నే వెతుక్కుంటూ ఎవరూ వచ్చేవారు కాదు. అతన్ని పిలిచేది గోరీలకి.

గోరీ మీద పెంకుల పని చెయ్యడం అతని విద్య. పగిలిన పింగాణీ కప్పులు, పళ్ళాలు, పూలకూజాలు పోగేసి, ఒక్కో పెంకునీ పటకారుతో అంచులు గిల్లి, తడి సున్నంలో ఒత్తేవాడు. సిలువ, సిలువ చుట్టూ తీగ, తీగకి ఆకులు. సున్నం ఆరాక కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే గోరీ మెరిసేది. ఎండలో కంటే వానలో ఎక్కువ మెరిసేది. అతని తండ్రి యానాంలో ఒక అరవ మేస్త్రి దగ్గర ఈ పని నేర్చుకున్నాడు. తండ్రి దగ్గర అబ్బులు నేర్చుకున్నాడు. అబ్బులు దగ్గర నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు.

గోరీ మీద పగిలినవే ఎందుకని ఎవరైనా అడిగితే అతను నవ్వేవాడు. నిండు వస్తువు పెడితే వారం తిరక్కుండా ఎవరో ఎత్తుకుపోతారు. పగిలినదాన్ని ఎవరూ ముట్టుకోరు. చచ్చిపోయినవాళ్ళకి అదే నమ్మకమైన ఆస్తి అనేవాడు.

చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏది పగిలినా పెంకులు పారెయ్యకుండా ఒక మూల పెట్టి అతనికి కబురు చేసేవారు. మిషన్ బంగళాలోంచి నీలం పళ్ళాలు వచ్చేవి. వాటి మీద ఒక వంతెన, వంతెన మీద మనుషులు, కింద పడవ, పైన రెండు పిట్టలు. వెనక ఇంగ్లాండు అని రాసుందని పాస్టరుగారు చదివి చెప్పారు. అబ్బులు నమ్మలేదు. ఆ గట్టూ, ఆ పడవా చూస్తే బొబ్బర్లంక పక్క ఎక్కడో నిలబడి గీసినట్టే ఉందండి అన్నాడు. యానాం నుంచి ఫ్రెంచి దొరల ఇళ్ళలోవి వచ్చేవి. వాటికి బంగారు అంచు, ద్రాక్షగుత్తులు. జపాను కప్పులు ఉల్లిపొరలా పల్చన. వాటి మీద గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు. రంగూన్‌ని ఆ రోజుల్లో అందరూ రంగం అనేవారు. ధాన్యం వ్యాపారానికి రంగం వెళ్ళొచ్చిన ఆసాముల ఇళ్ళలోంచి ఆకుపచ్చ జాడీల పెంకులు వచ్చేవి. ఒక్కో పెంకు బొటనవేలంత మందం.

ఏది ఎవరు చేసిందో, ఏ రాజు కాలంలో చేసిందో అతనికి తెలీదు. తెలియాల్సిన అవసరం రాలేదు. రంగు చూసేవాడు, మందం చూసేవాడు, వంపు చూసేవాడు. వంపున్న పెంకు కుదురుగా కూర్చోదు. సున్నం ఎక్కువ తింటుంది. అలా చూసి చూసి పక్కపక్కన పెట్టేవాడు. పేట ఉపదేశిగారి గోరీ మీద తల లేని జపాను మనిషి పక్కన ఫ్రెంచి ద్రాక్ష కాసింది. ఎవరూ తప్పు పట్టలేదు.

అతని భార్య సూరమ్మ. పక్కింట్లో ఉండేది ఆమె చెల్లెలు సుందరి. సుందరిది వాగే నోరు.

"మా బావ వస్తున్నాడంటే అన్నం తినే పళ్ళెం కూడా కొంగు కింద దాచుకోవాలి. కన్ను పడిందా, రేపు ఎవరి గోరీ మీదో తేలుద్ది," అనేది.

"నీ పళ్ళెం నాకెందుకే, అది సత్తుది," అనేవాడు అబ్బులు.

అతని ఇంటి వెనక పెంకులు రంగుల వారీగా గుట్టలుగా పడి ఉండేవి. నీలం గుట్ట, ఆకుపచ్చ గుట్ట, తెల్ల గుట్ట. ఇంటిలోపల మాత్రం నిండుగా ఉన్న పింగాణీ వస్తువు ఒకే ఒకటి. అది సూరమ్మది.

జానెడున్నర ఎత్తు కూజా. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట. పాలలాంటి తెలుపు మీద అడుగున నీలం నీళ్ళు, నీళ్ళ ఒడ్డున ఎర్రటి పెద్ద పువ్వులు, పువ్వుల మధ్య పొడుగాటి తోకున్న ఒక పిట్ట. నెమలి కాదు. కోడి అసలే కాదు. అడుగున ఎర్రగా కొన్ని గీతలున్నాయి, అవి చీనా అక్షరాలై ఉంటాయని పాస్టరుగారు అన్నారు.

ఆ కూజా ఆమెకి వచ్చిన తీరు పేటలో అందరికీ తెలుసు. సూరమ్మ పెళ్ళికి ముందు ఊళ్ళో ఆసాముల ఇంటి సత్యనారాయణమ్మగారి దొడ్లో పేడకళ్ళు ఎత్తేది. ఆవిడ మామగారు రంగంలో వ్యాపారం చేసి ఓడ మీద తెచ్చిన సామాను ఆ ఇంట్లో అద్దాల బీరువా నిండా ఉండేది. ఒక ఏడాది ఇంట్లో పెళ్ళికి వెల్ల వేయిస్తూ బీరువాలో సామానంతా తెచ్చి దొడ్లో మడతమంచం మీద పెట్టారు. లేగదూడ తాడు తెంపుకుని వచ్చి మంచాన్ని గుద్దింది. కూజా దొర్లింది. దగ్గర్లో పేడ ఎత్తుతున్న సూరమ్మ ఒక్క ఉదుటున కూలబడి ఒడి పట్టింది. కూజా వచ్చి ఒళ్ళో పడింది. చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని లేచేసరికి దొడ్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. సత్యనారాయణమ్మగారు కోప్పడలేదు. ఆవిడ నెమ్మదైన మనిషి. కాసేపు ఆలోచించి చెప్పారు.

"ఇత్తడిదైతే చింతపండేసి తోమించుకుందును. రాగిదైతే నిప్పు చూపిస్తే సరిపోను. పింగాణీనేం చేస్తానే? నువ్వే పట్టుకుపో."

"ఆయ్," అంది సూరమ్మ.

పేటవాళ్ళు ముట్టుకున్న పింగాణీని శుద్ధి చెయ్యడానికి ఆ ఇళ్ళలో దారి లేదు. అలా ఆమె కాపాడిన వస్తువు, కాపాడినందువల్లే, ఆమెది అయిపోయింది. పేటలో అందరూ అదృష్టం అన్నారు. సూరమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. పెళ్ళై అబ్బులు ఇంటికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది. అందులో పూలు పెట్టలేదు, నీళ్ళు పొయ్యలేదు. పండక్కి ఒకసారి తీసి, తడిగుడ్డతో తుడిచి, లోపల పెట్టేది. తుడుస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె దాన్ని చూసి సంతోషపడుతోందో, ఆ రోజుని తలుచుకుంటోందో అబ్బులుకి ఎప్పుడూ అర్థం కాలేదు. అడగలేదు.

వాళ్ళకి చాలా ఏళ్ళు పిల్లలు లేరు. ఆశ వదులుకున్నాక హన్నా పుట్టింది. ఆ పిల్ల పెంకుల గుట్టల మధ్య పాకింది, పెంకులతో వంటలు వండింది, కాళ్ళు కోసుకుంది. కూజా మీది పిట్టకి తోకపిట్ట అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే.

1970 వేసవిలో పాపారావు మేష్టారు పోయారు. పేటలోంచి హైస్కూలు హెడ్మాస్టరైన మొదటి మనిషి ఆయన. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తున్నారు. గోరీ ఇంకెవరికీ లేనట్టు ఉండాలన్నారు. వానలు పడి మట్టి కుంగాక అబ్బులు బొగ్గుతో నేల మీద గీసి చూసుకున్నాడు. తెల్ల సిలువ, సిలువ నడుమ ఎర్రటి పువ్వు. నీలం కావలసినంత ఉంది. ఆకుపచ్చ ఉంది. ఎరుపు లేదు. పింగాణీలో మంచి ఎరుపు దొరకదు. దొరికినా గోరంత అంచు దొరుకుతుంది. అరచేతంత ఎరుపు ఆ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది.

రెండు రోజులు ఊరుకున్నాడు. మూడోనాడు అన్నం తింటూ కదిపాడు.

"ఆ కూజా..."

"ఏ కూజా?"

"మనింట్లో ఎన్నున్నాయేంటి? మేష్టారి గోరీకి అడుగుతున్నాను. పేటంతా చూస్తది."

"పేటంతా చూస్తదని నా ఒళ్ళో పళ్ళేదది," అంది సూరమ్మ. కంచం తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

అతను అలిగాడు. మర్నాడు ఆమె నాట్లకి వెళ్ళినప్పుడు పెట్టె తీసి కూజా చేతిలోకి తీసుకున్నాడు. పగలగొట్టాలని కాదు. చూడాలని. గోటితో మీటి చప్పుడు విన్నాడు. వేలితో ఒంపు తడిమాడు. ముందు తడి ఇసక నింపాలి, తడి గోనె చుట్టాలి. మెడ దగ్గర ఒక దెబ్బ. తర్వాత పొట్టకి అడ్డంగా, నీలం నీళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడ ఒకటి. అలా అయితే పిట్టా, పిట్ట పక్కన పెద్ద పువ్వూ ఒకే పెంకుగా, చెక్కుచెదరకుండా చేతిలోకి వస్తాయి. ఆ గీత అతనికి కళ్ళ ముందు గీసినట్టు కనిపించింది. తలెత్తేసరికి గుమ్మంలో సూరమ్మ నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. ఆమె చేతులు కడుక్కొచ్చి, కూజా అతని చేతుల్లోంచి తీసుకుని, బియ్యం కుండలో బియ్యం కిందికి దించింది.

మేష్టారి గోరీకి జపాను కప్పుల ఎర్ర అంచులు ఏరి ఏరి పువ్వు చేశాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా అతనికి మాత్రం అందులో లేనిదే కనిపించేది.

హన్నా చదువుకుంది. అమలాపురంలో హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా వచ్చింది. నర్సు ట్రైనింగుకి వెళ్తానంది. సెలవులకి వచ్చినప్పుడు బియ్యంలో చెయ్యి పెట్టి కూజా పైకి తీసేది. బియ్యం దులిపి, కిటికీలో పెట్టి, దాని ముందు కూచుని జడ వేసుకునేది. ఒక ఈస్టరుకి దొడ్లో మందారాలు తెంపి అందులో పెట్టింది. అబ్బులు సూరమ్మ మొహం చూశాడు. సూరమ్మ పూలు తియ్యలేదు. ఆ కూజాలో పూలు ఉన్నది ఆ ఒక్కరోజే.

1974 వర్షాల్లో ఆ పిల్ల పసుపు పూసినట్టున్న కళ్ళతో బస్సు దిగింది. ముందు పసరు వేయించారు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ముందూ వెనకా మారి ఉంటే బతికేదేమోనని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

మట్టి కుంగే దాకా గోరీ కట్టకూడదు. సంక్రాంతి వెళ్ళాక అబ్బులు ఇటుకలు పేర్చి, మెత్తి, సున్నం కలిపాడు. పెంకులు ముందేసుకుని పెరట్లో కూచున్నాడు. పటకారు పక్కనే పడి ఉంది. అప్పుడు సూరమ్మ వచ్చి అతని ముందు కూజా పెట్టింది.

"కొట్టు," అంది.

అతను కూజా వంక చూశాడు. ఆమె వంక చూడలేదు.

"లోపల పెట్టు."

"దానికి ఆ పిట్టంటే ఇష్టం. కొట్టు."

"లోపల పెట్టవే, సూరమ్మా."

ఆమె కూజా తియ్యలేదు. నెమ్మదిగా, తగువు పడుతున్నట్టు కాకుండా, ఏదో తెలియని సంగతి అడుగుతున్నట్టు అంది.

"మేష్టారికైతే అడిగేవు."

చెప్పడానికి అతనిలో చాలా ఉంది. ఇంట్లో నిండుగా మిగిలింది ఇదొక్కటే అనుకున్నాడు. ఇవాళ దుఃఖంలో కొట్టమంటుంది, రేపు చెయ్యి చాపితే ఖాళీ తగులుతుంది అనుకున్నాడు. తను ఒకసారి ఆశపడ్డ వస్తువు, ఇప్పుడు ఇలా చేతికి రావడం భరించలేకపోయాడు. ఇవన్నీ మాటలుగా లేవు. అతను పటకారు తీసుకుని ఒక నీలం పెంకు అంచు గిల్లాడు. సూరమ్మ కూజా తీసుకుని లోపలికి వెళ్ళింది.

అతను ఆ గోరీ నీలంతో, తెలుపుతో చేశాడు. తన దగ్గరున్న వాటిలో మంచివన్నీ పెట్టాడు. ఇంగ్లాండు పిట్టలు రెండూ సిలువకి రెండు పక్కల పెట్టాడు. పని జరుగుతున్నన్ని రోజులూ సూరమ్మ సమాధుల దొడ్డికి రాలేదు. ఈస్టరు తెల్లవారుజామున పేటంతా కొవ్వొత్తులతో వచ్చినప్పుడు వచ్చింది. తన కొవ్వొత్తిని సిలువ దగ్గర పెట్టలేదు. కాళ్ళ వైపు, పెంకులు లేని చోట, మట్టిలో గుచ్చింది.

ఆ తర్వాత ఆమె కూజాని బియ్యంలో దాచడం మానేసింది. కిటికీలో పెట్టింది. అబ్బులు అన్నానికి కూచుంటే ఎదురుగా కనిపించేది. అతను పీట మార్చి కూచోలేదు.

వాళ్ళు మాట్లాడుకోవడం మానలేదు. ఉప్పు నిండుకుంది, కట్టెలు తడిశాయి, చూరు కారుతోంది. అంతవరకే. ఎవరు చెప్పారో, పాస్టరుగారు ఒకసారి ప్రార్థన వంకతో వచ్చి, మీ ఇద్దరికీ మాటల్లేవంట కదమ్మా అని అడిగారు.

"ఎవరన్నారండీ? ఇప్పుడే పులుసులో ఉప్పు చాలిందా అనడిగేను. చాలిందన్నాడు," అంది సూరమ్మ.

పాస్టరుగారు ప్రార్థన చేసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

సుందరి మాత్రం వదల్లేదు. ఆమెకి అక్క మీద జాలి, బావ మీద కోపం, ఒక్కోనాడు అవే తారుమారు. ఒకసారి కాలవ గట్టు మీద అబ్బులుని నిలబెట్టి అడిగింది. ఒక్క మాట ఎందుకు కాదన్నావో చెప్పి చావొచ్చు కదా బావా, నీ నోట్లో కూడా సున్నం పోసుకున్నావా అంది. చెప్తానన్నాడు. నిజంగానే చెప్దామనుకున్నాడు. ఆ మాఘమాసంలో గోదారి అవతల బంధువుల ఇంటి పెళ్ళికి వెళ్ళి, ఏరు దాటించే పంటు మీద తిరిగి వస్తున్నారు. చుట్టూ జనం, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు. ఆమె పక్కన నిలబడి అతను మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను..."

"నీళ్ళు చూడు, పోటెక్కింది," అంది సూరమ్మ.

అతను నీళ్ళు చూశాడు. నిజంగానే పోటెక్కింది.

ఏళ్ళు గడిచాయి. ఇళ్ళలోకి స్టీలు వచ్చింది. కప్పులు పోయి స్టీలు గ్లాసులు వచ్చాయి, పింగాణీ పళ్ళాలు పోయి స్టీలు కంచాలు వచ్చాయి. ఇళ్ళలో పగలడం అనేది ఆగిపోయింది. అబ్బులుకి కబురు చేసేవాళ్ళు తగ్గారు. మిషన్ బంగళాకి తాళం పడింది. గోరీలకి రాజమండ్రి నుంచి పలకలు వస్తున్నాయి, పువ్వులు వాటి మీదే అచ్చు వేసి ఉంటాయి. తాపీ ఉన్నవాడెవడైనా అతికించగలడు. కొత్తపేటలో ఒక ఆసామి తులసికోటకి పెంకుల పని చెయ్యమని పిలిచారు. అబ్బులు గుట్టలు కెలికి చూస్తే సగానికి సగం మట్టిలో దిగిపోయి ఉన్నాయి. తవ్వి తీసి, కడిగి, పట్టుకెళ్ళాడు. అతని పేరు చెప్పుకుని పిలిచిన ఆఖరి పని అదే.

ఆ రోజుల్లోనే స్టీలు సామాను గంపలో పెట్టుకుని పాత సామాను మార్చుకునే మనిషి ఒకడు పేటకి వచ్చాడు. కిటికీలో కూజా చూసి ఆగిపోయాడు. చేతిలోకి తీసుకుని అడుగున గీతలు చూసి, ఇది చీనాలో రాజుల కాలంలో చేసింది అన్నాడు. నిజమో కాదో అతనికే తెలియాలి. గంపలో పెద్ద డబ్బా, దాని మీద బిందె, బిందె మీద మూతగిన్నె పెట్టి చూపించాడు. సుందరి కళ్ళు పెద్దవి చేసి అక్కని మోచేత్తో పొడిచింది.

"అది మాది కాదు బాబూ," అంది సూరమ్మ. "మా అమ్మాయిది."

లోపల మంచం మీద పడుకున్న అబ్బులు ఆ మాట విన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

1986 ఆగస్టులో గోదారి వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే అనుకున్నారు. అలా వచ్చింది కాదు. గట్టు తెగిందని కేకలు వినిపించేసరికి పేటలో మోకాలి లోతు ఉంది. ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుని గట్టెక్కారు. అబ్బులు బియ్యం మూట భుజాన వేసుకున్నాడు. సూరమ్మ చీర మడతల్లో కూజాని చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. దుప్పటి తెచ్చుకోవే అని సుందరి అరిచింది. ఆమెకి చెయ్యి ఖాళీ లేదు. గట్టు మీద తాటాకుల కింద తలదాచుకున్నన్ని రోజులూ వానలో ఆ కూజాని ఒళ్ళో పెట్టుకునే కూచుంది. హెలికాప్టరు పొట్లాలు పడేసినప్పుడు అందరూ పరిగెత్తారు. ఆమె లేవలేదు. అబ్బులు తెచ్చి ఇస్తే తింది.

నీళ్ళు తీశాక దిగి చూస్తే ఇల్లు లేదు. మట్టిగోడలు కరిగి, పైకప్పు నేల మీద కూచుని ఉంది. ట్రంకుపెట్టె దొరికింది. అందులో హన్నా ఫోటో, హాస్టల్లో పిల్లలంతా కలిసి తీయించుకున్నది, తెల్లగా అయిపోయింది. మొహాలు లేవు.

సమాధుల దొడ్డిలో నడుం లోతు ఒండ్రు. అబ్బులు పార తీసుకుని పోయి, తన లెక్క ప్రకారం కూతురు ఉండవలసిన చోట తవ్వాడు. సున్నం నాని వదిలేసింది. సిలువ నిలబడి ఉంది కానీ దాని మీద పెంకులు చాలామటుకు ఊడిపోయాయి. ఒండ్రులో చేతులు పెట్టి ఒక్కోటీ వెతికి తీశాడు. రెండు పిట్టల్లో ఒకటి దొరికింది. దొరికినవాటిని కాలవలో కడిగి, గోనె మీద ఆరబెట్టాడు. చూస్తే సిలువ సగానికి కూడా రావు.

చర్చి మరమ్మతుకి వచ్చిన సున్నంలోంచి పాస్టరుగారు ఒక తట్ట ఇచ్చారు. అబ్బులు కలిపి, సిలువకి కొత్తగా మెత్తి, మిగిలిన పెంకులు ఎలా చాలేట్టు సర్దాలా అని చూస్తున్నాడు. వెనక బురదలో అడుగుల చప్పుడైంది. సూరమ్మ. చేతిలో మూట.

ఆమె గోరీ పక్కన కూలబడి మూట విప్పింది.

కూజా. రోకలి బండతో కొట్టినట్టుంది. లోపల ఏమీ నింపకుండా, ఏమీ చుట్టకుండా, నేల మీద పెట్టి కొట్టింది. గోరంత ముక్కలు, బియ్యపు నూకలాంటి ముక్కలు, తెల్లటి పొడి. ఎరుపు ఒకచోట లేదు, అంతటా ఉంది. ఆమె వేళ్ళ మీద రెండు చోట్ల నెత్తురు గడ్డ కట్టి ఉంది.

"ఇల్లే లేదు. ఇంకెక్కడ పెడతాను?" అంది. "నీకు చెయ్యి రాదని నేనే కొట్టేను."

అబ్బులు ముక్కల్లో చెయ్యి పెట్టి నెమ్మదిగా కదిపాడు. ఎప్పుడో గోటితో మీటి, వేలితో తడిమి చూసుకున్న గీత అతనికి గుర్తుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ చూపించగలడు. చూపించడానికి కూజా లేదు.

అతను కింద కూచున్నాడు. ఇన్నేళ్ళూ లోపల ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది, అనుకున్నంత పెద్దగా లేదు.

"ఆ రోజు నీకోసవే ఆగేను. ఉన్న ఒక్కటీ పోతదని."

సూరమ్మ ముక్కల వంకే చూస్తోంది.

"నాకోసం అని నన్నడిగేవా?"

లేదన్నట్టు తలూపాడు.

"దానికోసం నేను అడిగేను. నోరు తెరిచి నిన్నేదీ అడగనిదాన్ని."

"ఆయ్," అన్నాడు అబ్బులు. పరాయివాళ్ళతో అన్నట్టు, పెద్దవాళ్ళతో అన్నట్టు.

దూరంగా ఎవరో పశువుల్ని పిలుస్తున్నారు. ఒండ్రు మీద ఎండ పడి వాసన లేస్తోంది. అతను ముక్కలు వేరుచెయ్యడం మొదలుపెట్టాడు. ఎరుపు ఒక పక్క, నీలం ఒక పక్క. పిట్ట రెక్కలో కొంచెం, కాలు కొంచెం కనిపించాయి. అవి రెండూ ఒకదానికొకటి కలవలేదు. నీలం ముక్కల్లో ఏవి తోకో, ఏవి నీళ్ళో అతనికే తెలియలేదు. సూరమ్మ ముందుకి వంగి తనూ ఏరసాగింది. ఏరినవి అతని అరచేతిలో వేస్తోంది. అతను వాటిని సిలువ నడుమ సున్నంలో ఒత్తుతున్నాడు. ముక్క మరీ చిన్నదైతే వేలికొనకి అంటుకుని రావడం లేదు. సున్నంతో పాటు లేచి వస్తోంది.

ఆమె ఏరడం ఆపింది.

"నువ్వు కొట్టుంటే పిట్ట మిగిలేదా?"

అతని చెయ్యి ఆగింది. తన పని గురించి అతను ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆసాములు అడిగినా, పాస్టరుగారు అడిగినా, ఇది కుదరదంటే కుదరదనే చెప్పాడు.

"ఎవరు కొట్టినా అంతే," అన్నాడు. "పింగాణీ."

సూరమ్మ అతని మొహం వంక చూసింది. ఇంత దగ్గర నుంచి, ఇంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో. నమ్మిందో లేదో అతనికి అంతుపట్టలేదు. ఆమె కిందికి వంగి మూటలోంచి మరో చిటికెడు ముక్కలు తీసి అతని చేతిలో పోసింది.

"సున్నం ఆరిపోతోంది," అంది. "పెట్టు."